అద్దంలో కనిపించేది కంచంలో మొదలవుతుంది

(చర్మం, జుట్టు, గోళ్ళ ఆరోగ్యానికి మనం తినవలసినవి)

మా ఓపీకి వచ్చేవారు సాధారణంగా పాత మందుల చీటీలో, ఎక్స్‌రేలో చేతబట్టుకుని వస్తారు. ఒకరోజు ఒక యువతి మాత్రం పాలిథిన్ కవరులో తన జుట్టు తీసుకుని వచ్చింది. నాలుగు నెలల క్రితం కాన్పయింది. ఒళ్ళో బిడ్డ ఉంది, పక్కన తల్లి ఉంది. ఆ తల్లి కవరు మా బల్ల మీద పెట్టి, "డాక్టరమ్మా, మా పిల్ల జడ ఇంత లావుండేది. ఇప్పుడు ఎలుక తోక అయిపోయింది. మూడు రకాల నూనెలు మార్చాం. ఏదన్నా మంచి నూనె రాసివ్వండి" అంది.

మేము నూనె సంగతి తరువాత చూద్దామని చెప్పి, ఆ అమ్మాయి కింది కనురెప్ప లాగి చూశాం. ఎర్రగా ఉండవలసిన చోట తెల్లగా ఉంది. గోళ్ళు చూశాం. పాలిపోయి, మధ్యలో చంచాలా గుంట పడి ఉన్నాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడిగితే తల ఊపింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7 గ్రాములకు కాస్త పైన వచ్చింది. ఆమె వయసు స్త్రీకి కనీసం 12 గ్రాములు ఉండాలి.

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగాం. జవాబు తల్లే చెప్పింది. "బాలింత కదండీ, పథ్యం పెడుతున్నాం. కారప్పొడి, వెల్లుల్లి, అన్నం. ఆకుకూర, పప్పు, గుడ్డు ఐదో నెల దాకా పెట్టం."

ఇలాంటి తల్లులు మాకు తరచుగా కనబడుతూనే ఉంటారు. వారు చూపించేది జుట్టు, మేము వెదికేది రక్తహీనత. చర్మం, జుట్టు, గోళ్ళు అందం కోసం మాత్రమే ఉన్నవి కావు. లోపల జరుగుతున్నదాన్ని బయటికి చెప్పే నోటీసు బోర్డులు అవి. ఆ బోర్డును ఎలా చదవాలో, ఏం తింటే అది బాగుపడుతుందో, ఎప్పుడు తిండితో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి రావాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన ఒంటి మీద ఉన్న క్యాలెండరు

మన తలపై సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్క వెంట్రుక నెలకు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. దువ్వెనలో పది వెంట్రుకలు కనబడగానే కంగారు పడనక్కరలేదు.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి కొస దాకా పూర్తిగా కొత్త గోరు రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలి గోరుకైతే ఏడాది నుంచి ఏడాదిన్నర. చర్మం పై పొర మారడానికి సుమారు నాలుగు వారాలు చాలు.

ఈ లెక్కలు ఎందుకు చెబుతున్నామంటే, ఈ రోజు రాలుతున్న జుట్టుకు కారణం ఈ వారం రాసుకున్న నూనె కాకపోవచ్చు. రెండు మూడు నెలల క్రితం వచ్చిన డెంగ్యూ, టైఫాయిడ్ వంటి జ్వరం కావచ్చు. కాన్పు, ఆపరేషన్ కావచ్చు. సన్నబడాలని కడుపు మాడ్చుకోవడం కావచ్చు. అలాంటి సమయంలో శరీరం గుండెను, మెదడును ముందు చూసుకుంటుంది. జుట్టు పెరుగుదలను కొంతకాలం ఆపేస్తుంది. ఆగిన వెంట్రుకలు రెండు మూడు నెలల తరువాత ఒకేసారి ఊడిపోతాయి. కుదుళ్ళు పాడవవు కాబట్టి మంచి ఆహారం అందితే చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు మళ్ళీ వస్తుంది.

గోళ్ళ సంగతీ ఇంతే. పెద్ద జబ్బు చేసిన తరువాత గోరుకు అడ్డంగా గీతలాంటి పల్లం ఏర్పడుతుంది. అది గోటి మొదలుకు ఎంత దూరంలో ఉందో చూసి, జబ్బు ఎన్ని నెలల క్రితం వచ్చిందో వైద్యులు అంచనా వేయగలరు.

కాబట్టి మొదటి మాట ఓపిక. పది రోజుల్లో జుట్టు, గోళ్ళు మారిపోతాయని చెప్పే ప్రకటనలు నమ్మకండి. మీరు ఈ రోజు మొదలుపెట్టిన మంచి భోజనం మీ జుట్టులో కనబడాలంటే కనీసం మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

రక్తం పట్టాలి

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. అంటే ఈ పత్రిక చదువుతున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకరికి ఉండే అవకాశం ఉందన్నమాట. దీనికి ముఖ్య కారణాలలో ఒకటి ఐరన్ (ఇనుము) లోపం. చర్మం పాలిపోవడం, జుట్టు ఊడడం, గోళ్ళు పలచబడి చిట్లడం, చంచాలా గుంట పడడం, పెదవుల మూలలు పగలడం దీని గుర్తులు. కొందరికి బియ్యం, మట్టి, సుద్ద తినాలనిపిస్తుంది. పిల్లలు అలా తింటే కొట్టకండి, రక్తపరీక్ష చేయించండి.

ఐరన్ దొరికేవి: తోటకూర, మునగాకు వంటి ఆకుకూరలు, సజ్జలు, ఉలవలు, శనగలు, నువ్వులు. మాంసాహారులకు మాంసం, చేపలు, అన్నిటికంటే ఎక్కువగా కార్జం (లివర్). మాంసంలోని ఐరన్ ఒంటికి సులభంగా పడుతుంది. ఆకుకూరలు, పప్పులలోని ఐరన్ అంత సులభంగా పట్టదు. అందుకని మూడు చిన్న పనులు చేయండి.

1. ఆకుకూర పప్పు తినేటప్పుడు అందులో నిమ్మరసం పిండుకోండి, లేదా భోజనంతోపాటు జామకాయ, ఉసిరికాయ తినండి. పులుపు పండ్లలో ఉండే విటమిన్ సి ఐరన్ పట్టడానికి సాయం చేస్తుంది. 100 గ్రాముల జామపండులో దాదాపు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. ఖరీదైన పండ్ల కోసం వెదకనక్కరలేదు.

2. భోజనం కాగానే టీ, కాఫీ తాగకండి. అవి ఐరన్‌ను పట్టనివ్వవు. కనీసం గంట ఆగండి.

3. కూరలు, పులుసులు ఇనుప మూకుడులో వండండి. వండేటప్పుడు కొంత ఐరన్ కూరలోకి దిగుతుంది. వండిన తరువాత వేరే గిన్నెలోకి తీసుకోండి.

ఆకుకూరలలో ఐరన్‌తోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దీనికి ఆ పేరు లాటిన్ భాషలో ఆకు అనే మాట నుంచే వచ్చింది. 1941లో శాస్త్రవేత్తలు దీనిని పాలకూర నుంచి వేరు చేశారు. 1945లో దీనిని ప్రయోగశాలలో తయారు చేసిన అమెరికా బృందానికి నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చిన్న వయసులోనే చనిపోయారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు తరువాతి కాలంలో మందుగా ఉపయోగపడినది ఈ ఫోలిక్ యాసిడే. ఈ రోజు గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో ఇది కూడా ఉంటుంది.

హిమోగ్లోబిన్ బాగా తగ్గిన తరువాత తిండి ఒక్కటే చాలదు, మాత్రలు తప్పవు. గర్భిణులు 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది. అది మామూలే, భయపడి మానేయకండి. కొంకి పురుగుల వల్ల, బహిష్టు సమయంలో ఎక్కువ రక్తస్రావం వల్ల, మొలల వల్ల కూడా రక్తం తగ్గుతుంది. కుండకు చిల్లు ఉంటే ఎంత నీరు పోసినా నిలవదు కదా! అందుకే కారణం కనుక్కోవడం ముఖ్యం.

జుట్టూ, గోరూ ప్రోటీన్లే

వెంట్రుకలు, గోళ్ళు కెరాటిన్ అనే ప్రోటీనుతో (మాంసకృత్తులతో) తయారవుతాయి. పూర్వం మిషన్ ఆసుపత్రులలోని పిల్లల వార్డులలో క్వాషియోర్కర్ అనే పోషకాహార లోపంతో ఒళ్ళు ఉబ్బిన పిల్లలు కనిపించేవారు. వారి జుట్టు పలచబడి ఎర్రబారేది. కొందరి వెంట్రుకలలో నల్లటి పట్టీ, పాలిపోయిన పట్టీ ఒకదాని తరువాత ఒకటి కనబడేవి. తిండి దొరికిన నెలలు నలుపు, దొరకని నెలలు పాలిన రంగు. ఆ పిల్లవాడి ఇంట్లో ఏ నెలలో పొయ్యి సరిగా వెలగలేదో వెంట్రుక చెప్పేది.

ఇప్పుడు అలాంటి కేసులు చాలా తగ్గాయి. కాని అన్నం ఎక్కువ, పప్పు తక్కువ అనే అలవాటు పోలేదు. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రోటీను కావాలి. బిడ్డకు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మరో 17 గ్రాముల దాకా అదనంగా కావాలి. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో దాదాపు 6 గ్రాములు, గుప్పెడు వేరుశనగ గుళ్ళలో 7 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6 గ్రాములకు పైగా, 100 గ్రాముల చేపలో 18 గ్రాముల వరకు ఉంటుంది. అన్నంలోనూ కొంత ఉంటుంది. అన్నం, పప్పు కలిపి తింటే ఒకదానిలోని కొరత రెండోది తీరుస్తుంది. పలచటి చారు పప్పుకు సాటి రాదు. గరిటెతో తీస్తే పప్పు కనబడాలి.

జొన్నకూడు, పెల్లాగ్రా: మన దగ్గర జరిగిన కథ

ఒకప్పుడు దక్కన్ ప్రాంతంలో జొన్నలు మాత్రమే తిని బ్రతికే పేద కూలీలలో ఒక చర్మవ్యాధి కనబడేది. మెడ చుట్టూ, చేతుల మీద, కాళ్ళ మీద, ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి, ఎండి, పొలుసులు లేచేది. తరువాత విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి కూడా చలించేది. దీని పేరు పెల్లాగ్రా. ఇది నియాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (అప్పటి పేరు న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్) శాస్త్రవేత్తలు డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠియా 1960లో దీనిపై పరిశోధన ప్రచురించారు. జొన్నలలో ఎక్కువగా ఉండే లూసిన్ దీనికి కారణం కావచ్చని వారు ప్రతిపాదించారు.

దీని అర్థం జొన్నలు చెడ్డవని కాదు. జొన్నరొట్టె మంచి ఆహారమే. ఏ ధాన్యమైనా అదొక్కటే తింటే ఒళ్ళు నిలబడదు. పక్కన పప్పు, ఆకుకూర, వేరుశనగలు, పాలు, గుడ్డు ఉండాలి. ఈ రోజుల్లో పెల్లాగ్రా ఎక్కువగా తిండి మానేసి సారా తాగేవారిలో కనబడుతోంది. మెడ చుట్టూ హారంలా నల్లబడితే ఎండదెబ్బ అని వదిలేయకండి.

మరికొన్ని గుర్తులు చూడండి.

నోటి మూలలు పగిలి, నాలుక ఎర్రబడి మండుతుంటే బి విటమిన్ల లోపం కావచ్చు. పాలు, పెరుగు, గుడ్లు, ఆకుకూరలు, మొలకలు తినండి. అన్నం వార్చి గంజి పారబోస్తే బి విటమిన్లు కొన్ని అందులోనే పోతాయి. సరిపడా నీళ్ళు పోసి ఇగిర్చి వండండి.

పిల్లల మోచేతుల మీద, మోకాళ్ళ మీద చర్మం ముళ్ళు ముళ్ళుగా గరుకుదేరితే, దానిని వైద్యులు కప్ప చర్మం అంటారు. ఆహారంలో మంచి నూనె, బి విటమిన్లు చాలనప్పుడు ఇలా అవుతుంది. పిల్లల అన్నంలో చెంచా నూనె వేయడం దండగ కాదు.

చేతి వేళ్ళ కణుపులు నల్లబడి, అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే బి12 లోపం ఉందేమో చూడాలి. ఇది ఆకుకూరల్లో, పప్పుల్లో దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం.

చర్మం పొడిబారి, చీకటి పడగానే చూపు ఆనకపోతే విటమిన్ ఎ లోపం. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు పెట్టండి. రేచీకటి ఉంటే ఆలస్యం చేయకుండా తీసుకురండి.

బాలింతకు కావలసింది భోజనం

పప్పు తింటే కుట్లు చీము పడతాయని, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలవుతాయని, పండు తింటే జలుబు చేస్తుందని, నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని మన పెద్దలు అంటుంటారు. వారి ప్రేమను మేము తప్పుపట్టడం లేదు. కాని ఇవేవీ నిజం కావు. కాన్పులో రక్తం పోయింది. రోజూ పాల ద్వారా బిడ్డకు తన ఒంట్లోనిదే పంచుతోంది. అలాంటి తల్లికి కారప్పొడి అన్నం పెట్టడం అంటే ఖాళీ అవుతున్న గాదెకు తాళం వేయడమే. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కుట్లు మానడానికి కావలసిన ప్రోటీను ఆ పప్పులోనే ఉంది.

అత్తగారికి, అమ్మగారికి ఒక మనవి. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఇచ్చే గుడ్డు, పాలు ఇంటిల్లిపాదికీ పంచకండి. అవి ఆమెవి. మన ఇళ్ళలో ఆడవారు అందరూ తిన్నాక మిగిలింది తింటారు. కూర అడుగంటితే పచ్చడితో సరిపెట్టుకుంటారు. వారానికి ఒకసారైనా అందరూ కలిసి కూర్చుని తినండి. ఎవరి కంచంలో ఏముందో అప్పుడు తెలుస్తుంది.

మీరు అడిగే ప్రశ్నలు

గోళ్ళ మీద తెల్ల చుక్కలు కాల్షియం లోపమా? సాధారణంగా కాదు. గోటికి తగిలిన చిన్న చిన్న దెబ్బల వల్ల వస్తాయి, గోరు పెరిగేకొద్దీ పోతాయి. కాల్షియం మాత్రం ఎముకలకు అవసరమే. 100 గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది.

చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందా? రాదు. బొల్లి ఆహారం వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు.

కుంకుమపువ్వు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందా? పుట్టదు. రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఆ డబ్బుతో నెలంతా గుడ్లు కొనవచ్చు. తెల్లబడడానికని మందుల షాపులో అడిగి కొన్న స్టెరాయిడ్ క్రీములు ముఖాన్ని పాడు చేస్తాయి.

బయోటిన్ మాత్రలు వాడవచ్చా? ఆ విటమిన్ లోపం చాలా అరుదు. గుడ్డు, వేరుశనగ, పప్పులు తినేవారికి సరిపడా అందుతుంది. ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ వంటి రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు. పరీక్షకు ముందు డాక్టరుకు చెప్పండి. విటమిన్ ఎ మాత్రలు మితిమీరితే ఉన్న జుట్టు కూడా రాలుతుంది.

మొటిమలకు ఏం మానాలి? అందరికీ ఒకే పథ్యం లేదు. కూల్‌డ్రింకులు, బేకరీ తీపి వస్తువులు తగ్గిస్తే కొందరికి మేలు కనబడుతుంది.

తిండితో తగ్గనివి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఏదో విటమిన్ తక్కువై ఉంటుందిలే అని నెలల తరబడి ఆగిపోయి, చేయి దాటాక వచ్చేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. ఈ కింది గుర్తులు ఉంటే ఆహారంతో సరిపెట్టుకోకండి.

• పాలిపోయిన లేక ఎర్రటి మచ్చ ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే, అది కుష్టువ్యాధి కావచ్చు. దీనికి మందులు ఉచితం. ఆరు నుంచి పన్నెండు నెలల చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. త్వరగా వస్తే చేతులు, కాళ్ళు, కళ్ళు కాపాడుకోవచ్చు. అన్ని తెల్లమచ్చలూ కుష్టు కావు. శోభి కావచ్చు, పిల్లల బుగ్గల మీది పొడి మచ్చలు కావచ్చు. తేల్చుకోవడం డాక్టరు పని.

• మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా అయితే అది మట్టి కాదు, రుద్దితే పోదు. షుగరు వచ్చే ముందు సూచన కావచ్చు. బరువు, రక్తంలో చక్కెర చూపించుకోండి.

• జుట్టు రాలడం, చర్మం పొడిబారడం, బరువు పెరగడం, నీరసం, చలి తట్టుకోలేకపోవడం కలిసి ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం.

• తలలో రూపాయి బిళ్ళంత మేర ఒకేచోట జుట్టు పోతే అది పేనుకొరుకుడు. పేలకు దీనికి సంబంధం లేదు, మందులున్నాయి.

• గోరు కింద కొత్తగా నల్లటి గీత వచ్చి వెడల్పవుతుంటే వెంటనే చూపించుకోండి.

ఒక రోజు భోజనం ఇలా ఉండవచ్చు

ఉదయం: రాగిజావ, ఇడ్లీ వేరుశనగ చట్నీతో, లేదా పెసరట్టు. ఉడికించిన గుడ్డు ఒకటి.

పదకొండు గంటలకు: జామకాయ లేదా బొప్పాయి ముక్కలు.

మధ్యాహ్నం: అన్నం లేదా జొన్నరొట్టె, నిమ్మరసం పిండిన తోటకూర పప్పు, ఒక కూర, మజ్జిగ.

సాయంత్రం: ఉడికించిన శనగలు, లేదా నువ్వులుండ.

రాత్రి: అన్నం లేదా చపాతీ, చేపల పులుసు లేదా గుడ్డు కూర. శాకాహారులకు ములక్కాడ సాంబారు, పెరుగు. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు.

షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు తమ డాక్టరును అడిగి మార్పులు చేసుకోవాలి.

మొదట చెప్పిన ఆ యువతికి మేము నూనె రాయలేదు. సెలైన్‌లో ఐరన్ ఎక్కించాం, పురుగుల మందు ఇచ్చాం, ఆమె తల్లిని అరగంట కూర్చోబెట్టి మాట్లాడాం. మూడు నెలల తరువాత వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 11 దాటింది. నుదుటి పైన చిన్న చిన్న కొత్త వెంట్రుకలు నిలబడి ఉన్నాయి. కాన్పు తరువాతి జుట్టు చాలామందికి దానంతట అదే తిరిగి వస్తుంది, అదంతా మా ఘనత కాదు. కాని ఆ జుట్టు వంకతో ఆమె మా దగ్గరకు రాకపోయి ఉంటే ఆ రక్తహీనత ఇంకెన్నాళ్ళు దాగి ఉండేదో!

"ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం లేదు, మేడమ్" అందామె. జడ సంగతి ఈసారి ఆమె ఎత్తలేదు.

ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో ఆఖరున భోంచేసేవారి కంచం ఒకసారి చూడండి. వారి గోళ్ళు కూడా చూడండి. పాలిపోయి ఉంటే పరీక్షకు తీసుకురండి.